అరువు చూపు

రాత్రి పది గంటలకు మా అక్క కూతురు వాష్‌బేసిన్ దగ్గర నిలబడే తీరు చూస్తే, పూజకు కూర్చునే ముందు మా అమ్మ మడి కట్టుకోవడం గుర్తొస్తుంది. ముందు బేసిన్ రంధ్రానికి బిరడా పెడుతుంది, చేజారినా కొట్టుకుపోకుండా. సబ్బుతో చేతులు రుద్ది కడుగుతుంది. తర్వాత పొడి టిష్యూతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుంటుంది, ఎందుకంటే కుళాయి నీటి చుక్క ఒక్కటి కూడా లెన్సుకు తగలకూడదు. డబ్బాలోంచి చిన్న గట్టి బిళ్ళ తీస్తుంది. అడ్డంగా కొలిస్తే సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. దాని గుంటలో కృత్రిమ కన్నీళ్ళ చుక్క వేసి, బల్ల మీద పరిచిన అద్దంలోకి తల పూర్తిగా వంచి, కింది నుంచి పైకి కంటికి ఆనిస్తుంది. రెండో కంటికీ అంతే. ఆపైన మాటల్లేవు, నేరుగా పడక. పొద్దున్నే మళ్ళీ చుక్కలు వేసుకుని, "పిన్నీ, లెన్సు కదులుతోందా చూడు" అంటుంది. కదులుతోందంటే చిన్న రబ్బరు కప్పుతో తీసేస్తుంది. ఇక రోజంతా కళ్ళజోడు లేదు. మూడున్నర మైనస్ ఉన్న పిల్ల మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి కింద వీధి చివర ఆగిన స్కూలు బస్సు నంబరు చదువుతుంది.

పదేళ్ళ వయసు నుంచి సోడాబుడ్డి కళ్ళద్దాలతో పెరిగినదాన్ని నేను. మొదటిసారి ఆ దృశ్యం చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇది మొన్న మొన్న వచ్చిన విద్య అనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక దీని వేరు 1888 దాకా పోయింది. ఈ దారిలో నడిచినవాళ్ళలో చాలామంది వెతికింది ఇది కాదు. సైటును శాశ్వతంగా పోగొట్టాలని వాళ్ళు తపించారు. ఆ ఆశ వదులుకున్న తర్వాతే, ఎవరూ చూడని వైపు నుంచి ఈ లెన్సుకు అసలు విలువ వచ్చింది. ఆ కథంతా ఒకచోట చెప్పుకోవాలనిపించింది.

వైద్యులు దీన్ని ఆర్థోకెరటాలజీ అంటారు, పొట్టిగా ఆర్థో-కె. గ్రీకులో ఆర్థోస్ అంటే తిన్ననిది, కెరటో అంటే కొమ్ము, వైద్య పదాల్లో కార్నియా. మన ఇళ్ళలో అడిగితే 'రాత్రి లెన్సులు' అంటారు, ఆ మాట చాలు. కంటికి ముందువైపు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మందం అర మిల్లీమీటరు. కంటికున్న మొత్తం వెలుతురు వంచే శక్తిలో మూడింట రెండు వంతులు దానిదే. సైటు వచ్చిన పిల్లల్లో సాధారణంగా కనుగుడ్డు వెనక్కి సాగుతుంది. పెద్దవాళ్ళ కన్ను ఇంచుమించు 24 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అంతకు మించి ఒక్క మిల్లీమీటరు పెరిగితే దాదాపు రెండున్నర డయాప్టర్ల (కళ్ళద్దాల పవర్ కొలిచే ప్రమాణం) మైనస్ వచ్చి పడుతుంది. దూరపు వస్తువు బింబం కంటి వెనకాల ఉండే రెటీనా అనే తెర మీద కాక దానికి ముందే ఏర్పడుతుంది. సాగిన గుడ్డును వెనక్కి లాగలేం. ముందున్న కార్నియా వంపు కాస్త తగ్గిస్తే మాత్రం బింబం వెనక్కి జరిగి సరైన చోట పడుతుంది. ఈ లెన్సు చేసే పని మొత్తం ఇదే.

కంటిని నొక్కి చూపు బాగుచెయ్యవచ్చునన్న ఊహ పాతది. పూర్వం చైనాలో రాత్రిపూట రెప్పల మీద చిన్న ఇసుక సంచులు పెట్టుకుని పడుకునేవారని ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. దాన్ని కథగానే ఉంచుదాం. రికార్డుకెక్కిన చరిత్ర 1888లో రెండు ఊళ్ళలో ఒకేసారి మొదలవుతుంది. జూరిచ్‌లో ఆడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ వైద్యుడు గాజు చిప్పలు చేయించి ముందు కుందేళ్ళకు, తర్వాత తన కంటికి, ఆపైన కొందరు రోగులకు పెట్టి చూశాడు. చిప్పకూ కంటికీ మధ్య ద్రాక్ష చక్కెర ద్రావణం నింపేవాడు. అదే ఏడు పారిస్‌లో యూజీన్ కాల్ట్ ఇంకో పనికి గాజు చిప్పను పట్టుకున్నాడు. కొందరిలో కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని కెరటోకోనస్ అంటారు. ఆ మొనను గాజుతో అదిమి చదును చెయ్యవచ్చునని కాల్ట్ అనుకున్నాడు. ఫిక్ కాంటాక్ట్ లెన్సుకు తండ్రి అయితే, రాత్రి లెన్సుకు ముత్తాత కాల్ట్ అని నా లెక్క. చూపును సరిచెయ్యడానికి గాజు చిప్పతో కార్నియా ఆకారాన్నే మార్చాలనుకున్నాడు ఆయన.

మరుసటి ఏడు కీల్ విశ్వవిద్యాలయంలో ఆగస్ట్ ముల్లర్ అనే విద్యార్థి తన డాక్టరేట్ కోసం ఇలాంటి చిప్పల మీదే పరిశోధన రాశాడు. ఆయన కంటికి 14 డయాప్టర్ల మైనస్. తన చూపు కోసం తనే చేసుకున్న గాజు అది. కొకైన్ చుక్కలు వేసి మొద్దుబార్చినా కంట్లో అరగంటకు మించి ఓర్చుకోలేకపోయాడు. ఆ అరగంటలో ఆయన ఏం చూసి ఉంటాడా అని నాకు తరచూ అనిపిస్తుంది. పదునాలుగు మైనస్ ఉన్నవాడికి తన చేతివేళ్ళు కూడా ముఖం దగ్గరికి తెచ్చుకుంటే తప్ప స్పష్టంగా కనిపించవు.

తర్వాతి యాభై ఏళ్ళ ప్రగతి అంతా గాజును తేలిక చెయ్యడం, ఆపైన గాజునే వదిలెయ్యడం. 1930ల చివర్లో పీఎంఎంఏ అనే పారదర్శక ప్లాస్టిక్ వచ్చింది. 1948లో కాలిఫోర్నియాలో కెవిన్ టూహి కంటి తెల్లగుడ్డును కప్పే అంచును తీసేసి, కార్నియా మీద మాత్రమే తేలే చిన్న ప్లాస్టిక్ లెన్సుకు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. అప్పటిదాకా కంటికి డాలు తొడిగినట్టు ఉండేది, ఇప్పుడది కన్నీటి పొర మీద తేలే రేకు అయింది. ఆ రేకును పెట్టుకున్నవాళ్ళు డాక్టర్లకు ఒక వింత ఫిర్యాదు తెచ్చారు. లెన్సు తీసేశాక కూడా కాసేపు చూపు బాగానే ఉంటోంది, పాత కళ్ళజోడు పెట్టుకుంటే మాత్రం మసకగా ఉంటోంది అని. చాలామంది దీన్ని లోపంగా రాసుకున్నారు. కొందరు ఆగి ఆలోచించారు. పెన్సిల్వేనియాలో రాబర్ట్ మారిసన్ 1950ల మధ్యలో టీనేజి పిల్లలకు కార్నియా కంటే చదునుగా ఉండే లెన్సులు పెట్టి, వాళ్ళ సైటు పెరగడం ఆగినట్టు కనిపిస్తోందని రాశాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి. అసలు నిధి అక్కడే ఉంది. దాన్ని తవ్వడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ షికాగో వెళ్ళాలి, న్యూటన్ వెస్లీ దగ్గర కాసేపు ఆగాలి. ఆయన పుట్టుకతో ఉయెసుగి. ఆరెగాన్ రాష్ట్రంలో జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. చిన్న వయసులోనే కంటి పరీక్షలు నేర్పే ఒక కళాశాల నడిపే స్థాయికి వచ్చాడు. 1942లో యుద్ధం పేరుతో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్ళను, పౌరులని కూడా చూడకుండా, ఇళ్ళు ఖాళీ చేయించింది. కళాశాల, ఊరు రెండూ పోయాయి. దానికి తోడు ఆయనకు కెరటోకోనస్, కాల్ట్ గాజుతో అదమాలని చూసిన అదే జబ్బు. చూపు నానాటికీ దిగజారుతోంది, కళ్ళజోడు పనికిరాదు. పేరు మార్చుకుని షికాగో చేరి, తన పాత విద్యార్థి జార్జ్ జెసెన్‌తో కలిసి తన కళ్ళకు పనికొచ్చే ప్లాస్టిక్ లెన్సు కోసం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. చేసుకున్నాడు, చూశాడు, 2011 దాకా బతికాడు. ఆ ఇద్దరి పేర్లు కలిపిన వెస్లీ-జెసెన్ కంపెనీ తర్వాత ప్రపంచమంతా లెన్సులు అమ్మింది.

1962లో షికాగోలో జరిగిన సభలో జెసెన్ తన పద్ధతి చెప్పాడు, దానికి 'ఆర్థోఫోకస్' అని పేరు పెట్టాడు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. లెన్సులో పవర్ ఏమీ పెట్టవద్దు. మనిషికి ఎన్ని డయాప్టర్ల మైనస్ ఉందో అంత చదునుగా లెన్సు లోపలి వంపును తియ్యి. పెట్టుకున్నప్పుడు లెన్సు కింద చేరిన కన్నీటి పొరే అద్దంలా పనిచేసి చూపు సరిచేస్తుంది. నెలలు గడిచేకొద్దీ కార్నియా ఆ చదును వంపుకు అలవాటు పడుతుంది. ఆర్థోకెరటాలజీ అన్న పేరు వెస్లీ పెట్టినదే. ఆ రోజుల్లో అందరూ చెప్పిన పోలిక పళ్ళకు వేసే క్లిప్పులు. కొన్నాళ్ళు బిగిస్తే పళ్ళు వరుసలో కుదురుకున్నట్టు కన్ను కూడా కుదురుకుంటుందని.

ఆ పోలికే ఈ విద్యకు ఇరవై ఏళ్ళు చెడ్డపేరు తెచ్చింది. పన్ను ఎముకలో కొత్త చోట పాతుకుంటుంది. కార్నియా పాతుకోదు. తుడిచి, జరిపి, అదిమి ఉంచినంతసేపే అలా ఉంటుంది. పైగా చదునైన లెన్సు కంటి మధ్యలో నిలవదు, పైకో పక్కకో జారుతుంది, జారిన చోట నొక్కి లేని ఆస్టిగ్మాటిజం (కార్నియా వంపు అన్ని దిక్కులా ఒకేలా లేక చూపు చెదరడం) తెచ్చిపెడుతుంది. 1970లలో హ్యూస్టన్‌లో కెర్న్స్, 1980ల మొదట్లో బర్క్‌లీలో పోల్స్ బృందం పద్ధతిగా పరీక్షించారు. నెలల తరబడి లెన్సు మీద లెన్సు మార్చినా తగ్గింది సగటున ఒక డయాప్టర్ దగ్గర. ఎవరికి ఎంత తగ్గుతుందో ముందు చెప్పలేరు. మానేస్తే వచ్చింది వచ్చినట్టే పోతుంది. నిజాయతీగల ఆ ఫలితాలు చూసి చాలామంది కంటి వైద్యులు ఈ విద్యను పక్కన పెట్టేశారు. తప్పు వాళ్ళది కాదు. శాశ్వతంగా నయమవుతుందన్న మాటకు వాళ్ళు పరీక్ష పెట్టారు, ఆ మాట ఓడిపోయింది. అదే కాలంలో మాస్కోలో ఫ్యోదరోవ్ కార్నియాకు గాట్లు పెట్టే శస్త్రచికిత్సకు ప్రచారం తెచ్చాడు, ఆ తర్వాత లేజర్లు వచ్చాయి. ఈ పక్క లెన్సు నమ్ముకున్నవాళ్ళు పిడికెడు మంది మిగిలారు.

వాళ్ళను బతికించినవి మూడు. ముందుగా ఆకారం. రిచర్డ్ వ్లోడిగా, నిక్ స్టోయాన్ 1980ల చివర్లో లెన్సు లోపలి వంపును తిరగేశారు. మామూలు లెన్సు మధ్యలో నిటారుగా ఉండి అంచులకు పోయేకొద్దీ చదునవుతుంది. వీళ్ళది మధ్యలో చదును, దాని చుట్టూ ఒక వలయం మాత్రం నిటారు. ఆ వలయంలో కన్నీరు నిలిచి లెన్సును మధ్యలోనే పట్టి ఉంచుతుంది. నెలలు పట్టే పని వారాల్లోకి వచ్చింది, తగ్గే పవర్ రెట్టింపు అయింది. ఇక కొలత. నలుపు తెలుపు వలయాలను కార్నియాలో ప్రతిబింబింపజేసి దాని వంపును చదివే పళ్ళెం 1880లో పోర్చుగల్ వైద్యుడు ప్లాసిడో చేసినదే. 1980లలో కంప్యూటర్ తోడై, కార్నియా మీద వేల బిందువుల ఎత్తుపల్లాలను రంగుల పటంగా చూపించడం మొదలైంది. అప్పటిదాకా లెన్సు చేసేవాళ్ళు చీకట్లో కుండ చేస్తున్నట్టే. తెల్లవారాక తీసిన పటంలో మధ్యన చదునైన నీలం మచ్చ, చుట్టూ ఎర్రటి వలయం గుండ్రంగా వచ్చాయా, పక్కకు జారాయా అన్నది ఇప్పుడు చూడగానే తెలుస్తుంది.

మూడోది ఊపిరి. కార్నియాలో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురు స్పష్టంగా లోపలికి పోదు. కాబట్టి అది ఆక్సిజన్‌ను నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. నిద్రలో రెప్ప మూస్తే ఆ సరఫరా మూడో వంతుకు పడిపోతుంది, రెప్ప లోపలి నాళాలిచ్చేదే ఆధారం. అక్కడ ఆక్సిజన్ చొరని పీఎంఎంఏ బిళ్ళ పెట్టి పడుకుంటే కన్ను ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే పాత ఆర్థో-కె అంతా పగటి వ్యవహారంగా ఉండిపోయింది. 1970లలో సిలికాన్ కలిపిన, తర్వాత ఫ్లోరిన్ కూడా కలిపిన గట్టి లెన్సులొచ్చాయి. వాటిలోంచి ఆక్సిజన్ పోతుంది. ఎంత పోతే రాత్రి నిద్రకు చాలు? 1984లో సిడ్నీలో బ్రయాన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్‌జ్ దానికి ఒక అంకె చెప్పారు, 87. లెన్సు పదార్థం ఆక్సిజన్‌ను పోనిచ్చే గుణాన్ని దాని మందంతో భాగిస్తే వచ్చే కొలత అది. అంతకు తగ్గితే లెన్సు లేకుండా నిద్రపోయినప్పటికంటే ఎక్కువగా కార్నియా వాస్తుందన్నారు. ఈ హోల్డెన్ పేరు మళ్ళీ వస్తుంది, మన హైదరాబాదులోనే.

ఆకారం, కొలత, ఊపిరి ఒకచోట చేరాక 1990లలో అసలు మలుపు వచ్చింది. పగలు పెట్టుకుని రాత్రి తీయడమెందుకు, రాత్రి పెట్టుకుని పగలు తీసేద్దామన్నారు. రెప్ప మూసి ఉంటుంది, దుమ్ము పడదు, గుచ్చుకున్న బాధ తెలియదు. ఆస్ట్రేలియాలో జాన్ మౌంట్‌ఫర్డ్ రాత్రి లెన్సు తీసేశాక పగలంతా ఎంత పవర్ తిరిగొస్తుందో లెక్కగట్టాడు. రోజుకు అర డయాప్టర్ నుంచి ముప్పావు దాకా. అందుకే ఇప్పటికీ ఉన్న మైనస్ కంటే ఆ కాస్త ఎక్కువ తగ్గించేలా లెన్సు చేస్తారు, సాయంత్రం దాకా చూపు నిలవడానికి. నయం చెయ్యాలన్న పట్టు ఇక్కడ సడలింది. ఈ చూపు అరువు చూపు, రోజూ రాత్రి తిరిగి తెచ్చుకోవాలి అని రంగం మొత్తం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుతోనే ఇది వైద్యంగా నిలబడగలిగింది. 2002 జూన్‌లో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఒక రాత్రి లెన్సుకు ఆమోదం ఇచ్చింది. 6 డయాప్టర్ల దాకా మైనస్‌కు, వయసు పరిమితి లేకుండా, శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాళ్ళే పెట్టాలన్న షరతుతో.

ఆరు దగ్గరే గీత ఎందుకో తెలిస్తే ఈ విద్య లోపలి సొగసు తెలుస్తుంది. ఈ లెన్సు కార్నియాను వంచుతుందని చాలాకాలం అనుకున్నారు. 1998లో సిడ్నీలోనే హెలెన్ స్వార్‌బ్రిక్ బృందం మందాలు కొలిచి చూస్తే సంగతి వేరే. మారేది ప్రధానంగా కార్నియా పై పొర, ఎపిథీలియం. దాని మందం మొత్తం 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కంటే పలచన. దోసె పిండి పెనం మీద వేసి గరిటె అడుగుతో మధ్య నుంచి చుట్టూ తిప్పితే మధ్యన పలచబడి అంచున కాస్త దళసరి అవుతుంది కదా, అలా ఉంటుంది తెల్లారేసరికి ఆ పొర. పిండిలా కణాలు పారిపోవు. మధ్యన ఉన్నవి అణిగి పలచబడతాయి, పక్క వలయంలో పొర మందమవుతుంది. లెన్సు ఎక్కడా కంటికి గట్టిగా ఆనదు. మధ్యన కొన్ని మైక్రాన్ల కన్నీటి పొర ఉంటుంది, ఆ పొరలో పుట్టే ఒత్తిడే మధ్యను అదిమి వలయాన్ని లాగుతుంది. ఇరవై మైక్రాన్ల లోపు తేడాతో మూడు నాలుగు డయాప్టర్లు తగ్గుతాయి. మొదటి రాత్రికే చాలా మార్పు కనిపిస్తుంది. మరీ ఎక్కువ మైనస్‌కు ఆ పలచని పొరలో తగ్గించడానికి మందమే మిగలదు. గీత అందుకే. లెన్సు మానేసినప్పుడు కన్ను కొద్ది వారాల్లో పాత ఆకారానికి రావడం కూడా ఇందువల్లే. ఈ పై పొర ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టే పొర, గతాన్ని దాచుకోదు.

ఇప్పుడు చెప్పవలసింది చీకటి అధ్యాయం. 1990ల చివర్లో ఈ లెన్సులు తూర్పు ఆసియాకు, అన్నిటికంటే ఎక్కువగా చైనాకు, ఉప్పెనలా పోయాయి. మైనస్ పవర్ ఇంటింటా ఉన్న సమాజం, చదువు తప్ప దారి లేదనుకునే తల్లిదండ్రులు. దుకాణాల్లో కొలతలు లేకుండా, శిక్షణ లేనివాళ్ళు, శుభ్రత చెప్పకుండా పిల్లల కళ్ళలో పెట్టేశారు. 2001 నాటికి కార్నియా పుండ్ల కేసులు వరుసగా బయటపడ్డాయి, చైనా ప్రభుత్వం కఠిన నియమాలు తెచ్చింది. పరిశోధకులు వాట్, స్వార్‌బ్రిక్ 2007 నాటికి ప్రచురణల్లో ఉన్న 123 కేసులు ఏరి చూస్తే ఎక్కువమంది 9 నుంచి 15 ఏళ్ళ పిల్లలు. దాదాపు మూడో వంతు కేసుల్లో అకాంథమీబా ఉంది. అది కుళాయి నీటిలో బతికే జీవి. మామూలు కాంటాక్ట్ లెన్సుల ఇన్ఫెక్షన్లలో అరుదు. కార్నియాలో దిగితే నెలలు మందులు వేసినా పోనంత మొండిది, నయమైనా తెల్లని మచ్చ మిగులుస్తుంది. ఎందరో పిల్లలు చూపు కోల్పోయారు. లెన్సును కుళాయి కింద కడగడం, డబ్బా నీళ్ళతో తొలవడం, ఈ చిన్న పనులే దానికి తలుపు తీశాయి. మా అక్క కూతురు వేళ్ళ సందులు టిష్యూతో తుడుచుకోవడం వెనక ఆ పిల్లలున్నారు. మన ఇళ్ళలో బోరు నీళ్ళు, మిద్దె మీది ట్యాంకు, ఎన్నాళ్ళకో ఒకసారి కడిగే ట్యాంకు అడుగు తలుచుకుంటే ఈ సంగతిని నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. హాస్టల్లో చదివే పిల్లలకు ఈ లెన్సు వద్దని నా అభిప్రాయం. ఒక బాత్‌రూమ్‌ను పదిమంది వాడేచోట, పొద్దున్నే కన్ను ఎర్రబడితే చూసే అమ్మ లేనిచోట, కళ్ళజోడే మేలు.

నియమాలు వచ్చాక ప్రమాదం తగ్గింది, పోలేదు. అమెరికాలో బులిమోర్ బృందం 2013లో ప్రచురించిన లెక్కలో, పిల్లలు పదివేల మంది ఏడాది పాటు వాడితే దాదాపు పద్నాలుగు మందికి కార్నియా ఇన్ఫెక్షన్ రావచ్చని తేలింది. రాత్రిపూట మెత్తని లెన్సులతో నిద్రపోయేవాళ్ళకున్న ముప్పుతో పోల్చదగ్గ అంకె. చిన్న అంకే, కానీ ఆ పద్నాలుగు మందిలో మన పిల్ల ఉంటే దానికి చిన్నదన్న మాట పట్టదు. జపాన్ 2009లో ఆమోదం ఇచ్చినప్పుడు మార్గదర్శకాలు ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళకే అన్నాయి. పిల్లలకు, అదీ జాగ్రత్తగా, అన్న సడలింపు 2017లో వచ్చింది. ఆ నిదానం నాకు నచ్చింది.

ప్రమాదం ఉందని తెలిసీ పిల్లల దగ్గరికే ఎందుకు వెళ్ళారన్నదానికి జవాబు మారిసన్ రాసిపెట్టిన మాటలో ఉంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో పౌలీన్ చో ఆ మాటను మళ్ళీ పట్టుకుంది. పవర్ కొలిస్తే లాభం లేదు, లెన్సు వల్ల అది ఎలాగూ తగ్గి కనిపిస్తుంది. కనుగుడ్డు పొడవు కొలవాలి. 2005లో వచ్చిన ఫలితం ఇది. రెండేళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్లల కన్ను 0.54 మిల్లీమీటర్లు సాగితే, రాత్రి లెన్సు పెట్టుకున్నవాళ్ళ కన్ను 0.29 సాగింది. కళ్ళద్దాల పిల్లల లెక్క పాత అధ్యయనం నుంచి తెచ్చినదని విమర్శ వచ్చింది. న్యాయమైన విమర్శే. దాంతో ఆమె ఆరు నుంచి పదేళ్ళ పిల్లలను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి మళ్ళీ చేసింది. 2012లో ఆ ఫలితం వచ్చింది. 0.63కి ఎదురుగా 0.36, అంటే సాగుదల 43 శాతం నెమ్మది. ఈలోపు అమెరికాలో ఎర్ల్ స్మిత్ కోతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ఎందుకో సూచించాయి. చూపు మధ్యన కాదు, రెటీనా అంచుల్లో బింబం ఎక్కడ పడుతోందన్నదాన్ని కూడా కన్ను లెక్కలోకి తీసుకుని పెరుగుతుంది. మామూలు మైనస్ అద్దం మధ్యన సరిచేసినా అంచుల బింబాన్ని రెటీనా వెనక్కి తోయగలదు, కన్ను దాన్ని అందుకోవాలని సాగుతుంది. రాత్రి లెన్సు చేసిన ఆ మందపాటి వలయం అంచుల బింబాన్ని ముందుకు తెస్తుంది. సాగమన్న సంకేతం తగ్గుతుంది. వ్లోడిగా, స్టోయాన్ లెన్సు జారకుండా ఉండాలని పెట్టిన వలయం ఇది. దాని వల్లే పిల్లల కన్ను పెరగడం నెమ్మదిస్తుందని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

ఈ లాభం ఎందుకు పెద్దదో చెప్పినవాళ్ళలో హోల్డెన్ ఒకరు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికా వదిలి వచ్చి 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థకు ఆయన తొలి ఏళ్ళ నుంచీ ఆప్తుడు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలం, ధనం ఇచ్చి నిలబెట్టిన సంస్థ అది. రాత్రంతా పెట్టుకునే మెత్తని లెన్సుల మీద 1990లలో అక్కడ జరిగిన పరిశీలనలు ప్రపంచ పత్రికల్లోకి వెళ్ళాయి. ఆ సంస్థలోని ఆప్టోమెట్రీ విద్యాలయానికి, పరిశోధన కేంద్రానికి ఇప్పుడు హోల్డెన్ పేరే ఉంది. 2015లో ఆయన పోయాక 2016లో వెలువడిన అధ్యయనం 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి, దాదాపు 476 కోట్ల మందికి సైటు ఉంటుందని, వాళ్ళలో 94 కోట్ల మందికి అది తీవ్రంగా ఉంటుందని అంచనా వేసింది. ఆ వ్యాసకర్తల్లో ఒకరు పద్మజా శంకరిదుర్గ్, హైదరాబాదు సంస్థలో పనిచేసి సిడ్నీకి వెళ్ళిన పరిశోధకురాలు. తీవ్రమైన మైనస్ అంటే మందపాటి అద్దాలతో పోదు. సాగిన కనుగుడ్డులో రెటీనా చిరుగుతుంది, ఊడుతుంది, నడి వయసులో మధ్య చూపు దెబ్బతింటుంది. పిల్లప్పుడు ఆపిన అర మిల్లీమీటరు యాభయ్యో ఏట అక్కరకొస్తుంది.

అమెరికాలో పిల్లల సైటు పెరుగుదలను అదుపు చేసే పనికే అంటూ ఒక రాత్రి లెన్సుకు ఆమోదం 2021లో వచ్చింది. ఈలోగా పోటీకి పలుచని అట్రోపిన్ చుక్కలు, అంచుల్లో ప్రత్యేక కటకాలున్న కళ్ళజోళ్ళు, పగటి మెత్తని లెన్సులు వచ్చేశాయి. వీటన్నిటికంటే చవకైనది ఎండ. గ్వాంగ్‌జౌలో రోజూ నలభై నిమిషాలు అదనంగా బడి పిల్లలను ఆరుబయటికి పంపిన ప్రయోగం 2015లో ప్రచురితమైంది, కొత్తగా సైటు వచ్చేవాళ్ళు తగ్గారు. ఆటల పీరియడ్ ఎత్తేసి స్టడీ అవర్ పెట్టే మన బడులకు ఆ కాగితం ఎవరైనా చదివి వినిపించాలి.

ఇంకా తేలని లెక్క ఒకటుంది, ఎప్పుడు ఆపాలన్నది. పౌలీన్ చో బృందమే 2017లో కొందరు పిల్లల చేత లెన్సు మాన్పించి చూసింది. 14 ఏళ్ళకో అంతకు ముందో ఆపితే కన్ను మళ్ళీ జోరుగా సాగింది, తిరిగి పెట్టిస్తే నెమ్మదించింది. మా అక్క కూతురికి ఇప్పుడు పదమూడు. ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్ళినప్పుడు ఆప్టోమెట్రిస్ట్ కార్డు మీద రెండు గళ్ళలో అంకెలు రాస్తుంది, ఒకటి పవర్, రెండోది కనుగుడ్డు పొడవు. మొదట్లో అక్క పవర్ గడి చూసి మురిసిపోయేది. ఇప్పుడు ఆ గడి మీద బొటనవేలు పెట్టి మూసి, మిల్లీమీటర్ల గడినే పైనుంచి కిందికి చదువుతుంది.